రెండో బంతి

శనివారం ఒక్కరోజే తలుపు తీసే దేవుడు.
మిగతా ఆరు రోజులూ ఆయనకేం పనో
మాలకొండ కోతుల్ని అడగాల.
మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, తర్వాత నెల్లూరన్నారు,
కొండ మాత్రం ఉన్నచోటే ఉంది,
కందుకూరు బస్సూ ఎప్పట్లాగే ఆలస్యం.

దర్శనం అయింది.
దగ్గు ఆపుకుంటా మెట్లు దిగి
దేవస్థానం వారి భోజనశాల కాడ
ఇరవై రూపాయలిచ్చి టోకెను తీసుకున్నా.
"మొదటి బంతి నిండింది, రెండో బంతికి కూర్చోండి"
అన్నాడు కిటికీలో పిల్లోడు, తల ఎత్తకుండా.
గోడమీద రాసుంది:
ఉల్లి లేదు. వెల్లుల్లి లేదు. మాట్లాడరాదు.
మూడోదాన్ని ఎవరూ లెక్కచెయ్యటంలా.

పామూరు నుంచి మొక్కు తీర్చుకోను వచ్చినోళ్లు ఒకపక్క,
బ్యారన్ పని ముగించి, పొగాకు జిగురు
ఇంకా వదలని వేళ్లతో ఇద్దరు ఇంకోపక్క,
మధ్యలో నేనూ నా సంచీ.
ఆకు వేశారు. నీళ్లు చల్లుకున్నా.
చెయ్యి దానంతటదే ఆకు కిందికి పోయింది.

నల్లరాయి.
లోపల బంగారు చుక్కలు,
అమాసనాడు ఆరుబయట పడుకుంటే కనపడేటన్ని.
చీమకుర్తి రాయిని చీమకుర్తోడికి
ఎవరూ పరిచయం చెయ్యబళ్లా.
బొటనవేలు జరిపా. అంచుకి జానెడు లోపల
వెంట్రుకంత గీత.

నేను పూడ్చిన గీతే.

రాత్రి షిఫ్టు, ట్యూబులైటు కింద
ఎపాక్సీలో మసి కలిపి, అద్ది, ఆరబెట్టి, రుద్ది,
తెల్లారేసరికి నాకే కనపడకుండా చేశా.
కొనేవోడు గోరుతో గీకి చూసి
ఒక్క ముక్క మాట్లాడకుండా పక్కన పెట్టించాడు.
ఓడెక్కాల్సిన పలక
రెండేళ్లు ఎండలో పడుంది.
దాని నీడన ఓ కుక్క ఈనింది.
నాకు అరరోజు కూలి కోశారు.
ఆ తర్వాత పలకేమైందో తెలవదు,
దుమ్ము పడక నేనే మానేశా.

"పప్పు... పప్పు..."
వడ్డించే కుర్రాడు మాల్యాద్రి అంట.
ఈ కొండ చుట్టూ ఏ ఊళ్లో కేకేసినా
ఆ పేరుకి నలుగురన్నా పలుకుతారు.
దోసకాయ పప్పు. వంకాయ కూర.
మొలగొలుకుల బియ్యమైతే కాదుగానీ
అన్నం మాత్రం పొగలు కక్కతా ఉంది.
గోంగూర అడిగితేనే రెండోసారి వేస్తాడు,
అడగనా వద్దా అనుకునేలోపు
బకెట్టు నాలుగాకులు దాటిపోతది.
చారు పోస్తే తూర్పుకి పారింది.
లెవెల్ చూడకుండా బిగించారు బల్లని.
ఏ మేస్త్రో గానీ.

అప్పుడు చూశా, ఆకవతల అక్షరాలు:
కీర్తిశేషులు సుబ్బరావమ్మ గారి జ్ఞాపకార్థం.
మా ఓనరు గారి తల్లి.
అమ్ముడుపోని రాయిని
దేవుడికి అంటగట్టాడని నవ్వొచ్చింది.
నవ్వు దగ్గయింది. పామూరామె
నీళ్లగ్లాసు నావైపు జరిపింది.

ఆ పేరు మళ్లీ చదువుకున్నా.
మే నెల్లో షెడ్డుకి
స్టీలు క్యానులో మజ్జిగ పంపించేది ఆమె,
కరివేపాకు నలిపి, ఉప్పు ఒక పిసరు ఎక్కువేసి.
ఓసారి తనే ఆటోలో వచ్చి
"చెమటోడ్చేవాళ్లకి ఉప్పుండాలబ్బయ్యా" అంది,
అంత దుమ్ములో నిలబడి
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోకుండా.

చివరాఖర్న మజ్జిగొచ్చింది.
పల్చన. ఉప్పు తక్కువ.
చెయ్యి అడ్డం పెట్టేలోగా ఆకు దాటి
తూర్పుకి పారి
'సు' కొమ్ములో దిగి, ఒక్కో అక్షరం నింపుకుంటా
'మ్మ' వత్తు కాడ ఆగింది.
నేను తుడవలా.

"లెగండయ్యా, మూడో బంతోళ్లు నిలబడుండారు!"
బకెట్టూ గుడ్డా పట్టుకొచ్చినామె కేక.
ఆకు మడిచి లేచా.
లేచినోణ్ణి ఊరుకోక, తల పక్కకి వాల్చి
కిటికీ వెలుగుకి పలకని ఏటవాలుగా చూశా.
ఇరవయ్యేళ్ల పని, మెడ మర్చిపోదు.
మెట్లమీద కూర్చున్న కోతి
తోకతో సహా కనపడింది అందులో.

పాలిష్ ఇంకా పోలా.